పిల్లల వెన్నులో కణితి: రాత్రి నిద్ర లేపే నొప్పిని ఎందుకు తేలిగ్గా తీసుకోకూడదు?

పెద్దలకు నడుము నొప్పి నిత్యజీవితంలో భాగమైపోయింది. అందుకే పిల్లలు అదే మాట అన్నప్పుడు కూడా ఇంట్లోవాళ్లు దాన్ని అదే కొలతతో చూస్తారు. ఆటలో పడి ఉంటాడు, బడి సంచి బరువెక్కింది, ఎదిగే వయసు కదా అని సర్దుకుంటారు. చాలా సందర్భాల్లో ఆ అంచనా నిజమే అవుతుంది. కానీ నొప్పి వారాల తరబడి తగ్గకపోయినా, రాత్రిపూట బిడ్డను నిద్ర లేపుతున్నా, నడక తీరు మారినా కారణం వెన్నులో పెరుగుతున్న కణితి కావచ్చు.

ఈ కణితులు అరుదు. పిల్లల్లో మెదడుకు, వెన్నుపాముకు వచ్చే కణితులన్నీ కలిపి లెక్కిస్తే అందులో వెన్నుపాముకు చెందినవి సుమారు 5 నుంచి 10 శాతం మాత్రమే. వీటిలో ఎక్కువ భాగం నెమ్మదిగా పెరిగేవి, చికిత్సకు లొంగేవి. అయినా చికిత్స తర్వాత బిడ్డ నడుస్తాడా, మూత్రంపై అదుపు నిలుస్తుందా అన్నది చాలావరకు ఒక్క విషయంపై ఆధారపడుతుంది. అది శస్త్రచికిత్స గదిలోకి వెళ్లే నాటికి ఆ బిడ్డ ఏ స్థితిలో ఉన్నాడన్నది. అందుకే ఈ వ్యాధిలో తొలి లక్షణం కనిపించిన రోజు నుంచి స్కాన్ తీసిన రోజు వరకు గడిచిన కాలం అంత విలువైనది.

కణితి ఎక్కడ పుడుతుంది?

వెన్నుపూసలు ఒకదానిపై ఒకటి పేర్చినట్టు ఉండి, మధ్యలో ఒక ఎముక గొట్టాన్ని ఏర్పరుస్తాయి. మెదడు నుంచి దిగే వెన్నుపాము ఆ గొట్టంలో భద్రంగా ఉంటుంది. దాని చుట్టూ పొరలు, ఆ పొరల లోపల ద్రవం ఉంటాయి. వెన్నుపాము నడుము దాకా పోదు. నడుము పైభాగంలోని మొదటి, రెండో పూసల దగ్గరే ముగుస్తుంది. అక్కడి నుంచి కిందికి నాడులు మాత్రమే కుచ్చులా సాగుతాయి.

కణితి పుట్టిన చోటును బట్టి వైద్యులు మూడు రకాలుగా విభజిస్తారు. మొదటిది, వెన్నుపాము లోపలే పుట్టేది. పిల్లల్లో ఈ రకంలో ఎక్కువగా కనిపించేది ఆస్ట్రోసైటోమా. పెద్దల్లో అదే చోట ఎపెండైమోమా ఎక్కువ. రెండోది, వెన్నుపాముకు వెలుపల, దాన్ని చుట్టిన పొరకు లోపల పెరిగేది. నాడుల తొడుగు నుంచి వచ్చే కణితులు, పుట్టుకతో ఉండిపోయిన చర్మకణాల తిత్తులు, మెదడులోని కణితి నుంచి ద్రవం ద్వారా జారి వచ్చిన కణాలు ఈ కోవకు చెందుతాయి. మూడోది, పొరకు బయట, ఎముకలోనో దాని పక్కనో పుట్టి వెన్నుపామును నొక్కేది. పసిపిల్లల్లో వచ్చే న్యూరోబ్లాస్టోమా, పెద్దపిల్లల్లో వచ్చే ఎముక క్యాన్సర్ ఈవింగ్ సార్కోమా, లింఫోమా ఇందులోకి వస్తాయి.

గొట్టం ఎముకతో చేసినది కాబట్టి అది సాగదు. లోపల ఏది పెరిగినా ఆ ఒత్తిడి వెన్నుపాము మీదే పడుతుంది. నెమ్మదిగా పెరిగే కణితికి వెన్నుపాము కొంతకాలం సర్దుకుంటుంది. నెలల తరబడి నొప్పి తప్ప మరేమీ కనిపించకపోవడానికి కారణం అదే. సర్దుబాటుకు చోటు అయిపోయాక మాత్రం కాళ్ల బలం రోజుల వ్యవధిలోనే పడిపోవచ్చు.

ఏ లక్షణాలను గమనించాలి?

అన్నిటికన్నా ముందు కనిపించేది సాధారణంగా నొప్పి. పడుకున్నప్పుడు అది పెరుగుతుంది, లేచి కూర్చుంటే కొంత తగ్గుతుంది. పడుకున్నప్పుడు వెన్ను చుట్టూ ఉన్న సిరల్లో రక్తం నిండి ఒత్తిడి పెరగడమే దీనికి కారణమని భావిస్తారు. కొందరు పిల్లలు రాత్రి నిద్ర లేచి కూర్చుని ఏడుస్తారు. దగ్గినా, తుమ్మినా నొప్పి పెరగడం మరో గుర్తు.

ఛాతీ భాగంలోని కణితి ఒక్కోసారి వెన్నునొప్పిగా కాక కడుపునొప్పిగా తెలుస్తుంది. అక్కడి నాడులు పొట్ట చుట్టూ నడుస్తాయి. అలాంటి పిల్లలకు నులిపురుగుల మందులు, కడుపు స్కాన్లు అయ్యాక గానీ దృష్టి వెన్ను వైపు మళ్లదు.

తర్వాతి దశలో నడక మారుతుంది. బాగా పరుగెత్తే బిడ్డ తరచూ తూలి పడతాడు. మెట్లెక్కడానికి ఆధారం వెతుక్కుంటాడు, ఒక కాలు ఈడుస్తాడు. మెడ భాగంలో కణితి ఉంటే మెడ ఒక పక్కకు వాలిపోతుంది, చేతి పట్టు తగ్గుతుంది. కుడిచేత్తో రాసే బిడ్డ కారణం లేకుండా ఎడమచేతికి మారడం కూడా గమనించదగ్గ విషయమే.

వెన్నెముక పక్కకు వంగడాన్ని స్కోలియోసిస్ అంటారు. కౌమారంలో ఉన్న ఆడపిల్లల్లో ఏ కారణమూ లేకుండా వచ్చే వంపు సాధారణంగా తీవ్రమైన నొప్పి కలిగించదు, ఛాతీ భాగంలో ఎక్కువగా కుడివైపుకు ఉంటుంది. నొప్పితో కూడిన వంపు, ఎడమవైపు వంపు, చిన్న వయసులోనే వేగంగా పెరిగే వంపు ఉంటే లోపల కణితి ఉందేమో చూడాల్సిందే.

మూత్ర, మలవిసర్జనలో మార్పు చాలా ముఖ్యమైన సంకేతం. పక్క తడపడం ఎప్పుడో మానేసిన బిడ్డ మళ్లీ తడపడం మొదలుపెడితే ఇంట్లో మందలింపులు ఎదురవుతాయి. కొత్తగా వచ్చిన మలబద్ధకాన్ని తిండిలోని తేడాకు ముడిపెడతారు. వీటికి వెన్నునొప్పి గానీ కాళ్ల బలహీనత గానీ తోడైతే ఆలస్యం చేయకూడదు.

మాటలు రాని పసిబిడ్డ నొప్పి ఎక్కడుందో చెప్పలేడు. ఎత్తుకున్నప్పుడు, లంగోటీ మార్చేటప్పుడు గుక్కపెట్టి ఏడవడం, నడక వచ్చిన బిడ్డ తిరిగి పాకడం, కూర్చోవడానికి ఇష్టపడకపోవడం లాంటివే ఆ వయసులో నొప్పి భాష.

చర్మం కూడా కొన్నిసార్లు సూచన ఇస్తుంది. నడుము మధ్యభాగంలో చిన్న రంధ్రం, వెంట్రుకల కుచ్చు ఉంటే దాని కింద పుట్టుకతో వచ్చిన తిత్తి ఉండవచ్చు. ఒంటిపై కాఫీ రంగు మచ్చలు ఆరు, అంతకన్నా ఎక్కువ ఉంటే న్యూరోఫైబ్రోమటోసిస్ అనే జన్యు సమస్య ఉందేమో పరీక్షించాలి. ఆ సమస్య ఉన్న పిల్లల్లో నాడుల కణితుల ముప్పు ఎక్కువ.

ఎదుగుదల నొప్పులతో తేడా ఏమిటి?

ఎదుగుదల నొప్పులు అని పిలిచేవి నిజంగానే ఉన్నాయి. అవి కాళ్లలో, ముఖ్యంగా పిక్కలు, తొడల్లో, రెండు వైపులా వస్తాయి. సాయంత్రమో రాత్రో మొదలై తెల్లారేసరికి పోతాయి. మర్నాడు బిడ్డ మామూలుగా ఆడుకుంటాడు. కుంటడు, బరువు తగ్గడు.

ఎదుగుదల నొప్పులు వెన్నులో రావు. ఒకే చోట, రోజురోజుకూ పెరుగుతూ, ఆటను మాన్పించే నొప్పికి ఆ పేరు పెట్టకూడదు. తల్లిదండ్రులు ఈ ఒక్క తేడాను గుర్తుపెట్టుకున్నా చాలా మేలు జరుగుతుంది.

నరం పట్టేసిందని మర్దన చేయించడం, మెడ విరిపించడం మన ప్రాంతాల్లో పరిపాటి. కణితి వల్ల పూస బలహీనపడి ఉంటే అలాంటి ఒత్తిడితో అది కుంగి, వెన్నుపాముకు హాని జరిగే ప్రమాదం ఉంది. కారణం తేలేవరకు వెన్నుపై మర్దన మానుకోవడం మంచిది.

క్షయా, కణితా?

భారత్‌లోనూ, పొరుగున ఉన్న దక్షిణాసియా దేశాల్లోనూ ఈ ప్రశ్న తప్పనిసరిగా ఎదురవుతుంది. వెన్నెముక క్షయ ఇక్కడ ఇప్పటికీ సాధారణ వ్యాధే. దాన్ని 1779లో వర్ణించిన ఆంగ్ల శస్త్రవైద్యుడు పర్సివల్ పాట్ పేరిట పాట్స్ స్పైన్ అని పిలుస్తారు. అందులోనూ వెన్నునొప్పి, గూని, కాళ్ల బలహీనత ఉంటాయి.

స్కాన్‌లో కొన్ని తేడాలు కనిపిస్తాయి. క్షయ సాధారణంగా పక్కపక్కనున్న రెండు పూసలను, వాటి మధ్య మెత్తటి డిస్క్‌ను కలిపి తినేస్తుంది. చుట్టూ చీము చేరుతుంది. కణితి చాలావరకు డిస్క్‌ను వదిలేసి ఎముకను దెబ్బతీస్తుంది. పిల్లల్లో ఒక పూస నాణెంలా పలచబడిపోతే లాంగర్‌హాన్స్ కణాల వ్యాధి కావచ్చు. అయితే స్కాన్ చిత్రాలు అన్నివేళలా అంత స్పష్టంగా ఉండవు.

అందుకే వీలున్న చోటల్లా చిన్న ముక్క తీసి పరీక్షించడం అవసరం. ఆ ముక్కను సూక్ష్మదర్శినితో చూడటంతోపాటు క్షయ క్రిముల జన్యు పరీక్షకూ పంపుతారు. రుజువు లేకుండా క్షయ మందులు మొదలుపెట్టి నెలల తరబడి ఎదురుచూస్తే, అది కణితి అయిన పక్షంలో ఆ కాలమంతా చేజారినట్టే. క్షయను కణితి అనుకుని పెద్ద శస్త్రచికిత్సకు దిగడమూ అంతే నష్టం.

నిర్ధారణ ఎలా జరుగుతుంది?

తొలి పరీక్షకు యంత్రం అక్కర్లేదు. బిడ్డ చొక్కా విప్పి వెన్ను చూడటం, పూసలను ఒక్కొక్కటిగా తాకడం, మడమల మీద, మునివేళ్ల మీద నడిపించడం, మోకాలి దగ్గర తట్టి కాలు కదలికను చూడటం, అరికాలిని గీసి బొటనవేలు ఎటు కదులుతుందో గమనించడం ఏ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనైనా సాధ్యమే. కాళ్లు బిగుసుకుపోవడం, మోకాలి కదలిక అతిగా ఉండటం వెన్నుపాముపై ఒత్తిడికి గుర్తులు.

ఎక్స్‌రేలో పూసలు కుంగడం, ఎముక అరగడం, గొట్టం వెడల్పవడం కనిపించవచ్చు. అయితే ఎక్స్‌రే మామూలుగా ఉందంటే కణితి లేదని అర్థం కాదు. వెన్నుపాము ఎక్స్‌రేలో కనిపించదు.

నిర్ధారణకు కీలకం ఎంఆర్‌ఐ స్కాన్. ఇందులో రేడియేషన్ ఉండదు. గెడోలినియం అనే మందును సిరలోకి ఎక్కించి తీస్తే కణితి హద్దులు స్పష్టమవుతాయి. చాలాసేపు కదలకుండా పడుకోవాలి కాబట్టి చిన్నపిల్లలకు మత్తు ఇవ్వాల్సి ఉంటుంది. మత్తు అనగానే తల్లిదండ్రులు వెనుకంజ వేయడం సహజం. శిక్షణ పొందిన మత్తు వైద్యుల పర్యవేక్షణలో అది సురక్షితంగానే జరుగుతుంది.

ఇక్కడ తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. కాళ్లు బలహీనపడ్డాయని నడుము భాగానికి మాత్రమే స్కాన్ తీయిస్తారు. వెన్నుపాము నడుము పైభాగంలోనే ముగుస్తుంది కాబట్టి కాళ్ల బిగుతుకు కారణం ఛాతీ భాగంలోనో మెడలోనో ఉండవచ్చు. నడుము స్కాన్ బాగుందన్న నివేదికతో కుటుంబం ఇంటికి వెళ్లిపోతుంది. కణితి అనుమానం ఉన్నప్పుడు మొత్తం వెన్నుకు, చాలా సందర్భాల్లో మెదడుకు కూడా స్కాన్ తీస్తారు.

వెన్ను నుంచి నీరు తీసే పరీక్షను ఎంఆర్‌ఐ కన్నా ముందు చేయరు. కణితి గొట్టాన్ని మూసేసిన చోటుకు కింద నుంచి ద్రవం తీస్తే ఒత్తిడి మారి కాళ్ల బలహీనత ఒక్కసారిగా ముదరవచ్చు. న్యూరోబ్లాస్టోమా అనుమానం ఉంటే మూత్ర పరీక్ష ద్వారా ఆ కణితి విడుదల చేసే రసాయనాలను గుర్తిస్తారు.

కత్తి పట్టాల్సింది ఎప్పుడు?

వెన్ను కణితిని విజయవంతంగా తొలగించిన తొలి శస్త్రచికిత్స 1887లో లండన్‌లో జరిగింది. నాడీవైద్యుడు విలియం గోవర్స్ కణితి ఉన్న చోటును లక్షణాల ఆధారంగానే అంచనా వేయగా, విక్టర్ హార్స్‌లీ దాన్ని తొలగించారు. రోగి ఒక సైనికాధికారి. ఏళ్ల తరబడి నొప్పితో ఎందరో వైద్యుల చుట్టూ తిరిగి, కాళ్లు చచ్చుబడ్డాక వారి దగ్గరకు చేరారు. ఆయన తిరిగి నడవగలిగారు. ఎక్స్‌రే కూడా లేని కాలమది.

పిల్లల్లో వెన్నుపాము లోపలి కణితులను తొలగించడం మాత్రం చాలాకాలం అసాధ్యమనే భావించారు. చిన్న ముక్క తీసి రేడియేషన్ ఇవ్వడంతో సరిపెట్టేవారు. 1980వ దశకంలో న్యూయార్క్‌కు చెందిన పిల్లల నాడీశస్త్రవైద్యుడు ఫ్రెడ్ ఎప్‌స్టీన్ ఈ ధోరణిని మార్చడంలో ముందున్నారు. అల్ట్రాసౌండ్ తరంగాలతో కణితిని పొడిచేసి పీల్చే పరికరం సాయంతో ఆయన వీలైనంత మేర తొలగించి చూపారు.

నేడు శస్త్రచికిత్స సూక్ష్మదర్శిని కింద సాగుతుంది. మెదడు నుంచి కాళ్లకు, కాళ్ల నుంచి మెదడుకు వెళ్లే విద్యుత్ సంకేతాలను నిపుణులు నిరంతరం పరిశీలిస్తుంటారు. సంకేతం బలహీనపడితే శస్త్రవైద్యుడు ఆగుతాడు. కణితికీ వెన్నుపాముకూ మధ్య హద్దు స్పష్టంగా ఉంటే పూర్తిగా తీస్తారు. హద్దు చెరిగిపోయి ఉంటే కొంత మిగిల్చడమే వివేకం. మిగిలిన ముక్క కోసం కాళ్లను పణంగా పెట్టరు.

శస్త్రచికిత్స అయిన వెంటనే కొందరు పిల్లల్లో బలహీనత తాత్కాలికంగా పెరుగుతుంది. వారాలు, నెలల్లో చాలామంది కోలుకుంటారు. ఈ విషయం ముందే తెలియని కుటుంబాలు ఆ రోజుల్లో ఆశ వదులుకుంటాయి. ముందు నడవగలిగిన పిల్లల్లో ఎక్కువమంది తర్వాత కూడా నడుస్తారు. నడక పూర్తిగా పోయాక వచ్చిన వారిలో అది తిరిగి రావడం కష్టం.

అన్ని కణితులకూ మొదట కత్తి అవసరం లేదు. న్యూరోబ్లాస్టోమా, లింఫోమా, ఈవింగ్ సార్కోమా చాలావరకు కీమోథెరపీకి త్వరగా లొంగుతాయి. వెన్నుపాము నలుగుతున్నా కొన్ని సందర్భాల్లో మందులతోనే ఒత్తిడి తగ్గుతుంది. అత్యవసరంగా వాపు తగ్గించడానికి డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్ ఇస్తారు. లింఫోమా, రక్తక్యాన్సర్ కణాలు స్టెరాయిడ్‌తోనే కరిగిపోయి నిర్ధారణ కష్టమయ్యే వీలుంది. అందుకే పిల్లల క్యాన్సర్ నిపుణుడు, నాడీశస్త్రవైద్యుడు కలిసి ఆ నిర్ణయం తీసుకోవాలి.

మందులు, రేడియేషన్ ఎంతవరకు?

నెమ్మదిగా పెరిగే ఆస్ట్రోసైటోమా కొంత మిగిలిపోయినా, వెంటనే మరో చికిత్స ఇవ్వకుండా క్రమం తప్పని స్కాన్లతో గమనిస్తూ ఉండటం చాలాచోట్ల అనుసరించే పద్ధతి. అది మళ్లీ పెరిగితే కార్బోప్లాటిన్, విన్‌క్రిస్టిన్ లాంటి మందులు వాడతారు.

ఇటీవలి మార్పు కణితి జన్యు పరీక్ష. కొన్ని కణితుల్లో బీరాఫ్ అనే జన్యువు మారి ఉంటుంది. అందులో ఒక నిర్దిష్ట మార్పు ఉన్న పిల్లలకు డబ్రాఫెనిబ్, ట్రమెటినిబ్ మాత్రలను కలిపి వాడటానికి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2023లో అనుమతించింది. వీటి ధర సామాన్య కుటుంబాలకు భారమే. అయినా తీసిన ముక్కను భద్రపరిచి జన్యు పరీక్ష చేయించడం వల్ల తర్వాతి దారి తెలుస్తుంది.

వేగంగా పెరిగే రకాల సంగతి వేరు. హెచ్3 కె27 అనే జన్యు మార్పు ఉన్న గ్లయోమాను ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ అత్యంత ప్రమాదకర శ్రేణిలో ఉంచింది. శస్త్రచికిత్స, రేడియేషన్ తర్వాత కూడా దాన్ని నయం చేయడం నేటికీ కష్టం. అలాంటి స్థితిలో నొప్పి లేకుండా చూడటం, కుటుంబానికి నిజాన్ని మెల్లగా చెప్పడం కూడా చికిత్సలో భాగమే.

రేడియేషన్ ఎదిగే వెన్నెముకపై ప్రభావం చూపుతుంది. పూసల పెరుగుదల ఆగి, ఎత్తు తగ్గవచ్చు. కాబట్టి చిన్నపిల్లల్లో వీలైనంత వరకు వాయిదా వేస్తారు. అవసరమైనప్పుడు చుట్టుపక్కల అవయవాలకు తక్కువ హాని చేసే ప్రోటాన్ చికిత్సను పరిశీలిస్తారు. చెన్నైలో ఒక ప్రైవేటు ఆసుపత్రి 2019లో, నవీ ముంబయిలోని ఖార్‌ఘర్‌లో టాటా మెమోరియల్ సెంటర్ 2023లో ఈ సదుపాయాన్ని ప్రారంభించాయి.

ఇంటికి వెళ్లాక

కణితి తీసేయడంతో చికిత్స ముగియదు. వెన్ను వెనుక భాగంలోని ఎముకలు తెరిచినందువల్ల ఎదిగే పిల్లల్లో తర్వాత గూని రావచ్చు. తీసిన ఎముకను తిరిగి అమర్చే పద్ధతి ఆ ముప్పును తగ్గించడానికే. కొందరికి నడుము పట్టీ, మరికొందరికి మరో శస్త్రచికిత్స అవసరమవుతాయి. ఎదుగుదల పూర్తయ్యేవరకు వెన్నును ఏటా చూపించాలి.

ఫిజియోథెరపీ ఆసుపత్రిలోనే మొదలవుతుంది. తల్లిదండ్రులు నేర్చుకుని ఇంట్లో కొనసాగించాలి. మూత్రాశయం పూర్తిగా ఖాళీ కాని పిల్లలకు రోజుకు కొన్నిసార్లు సన్నని గొట్టంతో మూత్రం తీసే విధానం నేర్పుతారు. 1972లో అమెరికా వైద్యుడు జాక్ లాపిడెస్ ప్రచారంలోకి తెచ్చిన ఈ తేలికైన పద్ధతి ఎందరి మూత్రపిండాలనో కాపాడింది. బడిలో శుభ్రమైన మరుగుదొడ్డి, కింది అంతస్తులో తరగతి గది ఉంటే ఆ బిడ్డ చదువు ఆగదు.

ఎక్కడికి వెళ్లాలి, ఖర్చు ఎవరు భరిస్తారు?

ఈ చికిత్సకు పిల్లల నాడీశస్త్రవైద్యం, మత్తు వైద్యం, క్యాన్సర్ వైద్యం ఒకేచోట ఉండాలి. హైదరాబాద్‌లోని నిమ్స్, బెంగళూరులోని నిమ్హాన్స్, వేలూరులోని సీఎంసీ, దిల్లీ ఎయిమ్స్ లాంటి సంస్థల్లో నాడీశస్త్రచికిత్స విభాగాలు ఉన్నాయి. హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రిలో పిల్లలకు కీమోథెరపీ అందుతుంది.

2018లో మొదలైన ఆయుష్మాన్ భారత్ అర్హులైన కుటుంబానికి ఏడాదికి రూ.5 లక్షల వరకు చికిత్స హామీ ఇస్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ తెలంగాణలో అదే పేరుతో, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవగా కొనసాగుతోంది. ఏ చికిత్సకు ఎంత మేర వర్తిస్తుందో ఆసుపత్రిలోని ఆరోగ్య మిత్ర వద్ద చేరడానికి ముందే తెలుసుకోవచ్చు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు అంగన్‌వాడీలకు, ప్రభుత్వ బడులకు వెళ్లి 18 ఏళ్లలోపు పిల్లలను పరీక్షిస్తాయి. బిడ్డ నడకలో, వెన్నులో తేడా ఉందన్న మాట వారి చెవిన వేయడానికి అదొక అవకాశం.

అవగాహన ఎంత మార్పు తేగలదో బ్రిటన్ అనుభవం చెబుతుంది. పిల్లల మెదడు కణితుల లక్షణాలపై అక్కడ 2011లో హెడ్‌స్మార్ట్ పేరుతో ప్రచారం ప్రారంభించారు. లక్షణాల జాబితాను వైద్యులకు, తల్లిదండ్రులకు కార్డుల రూపంలో అందించారు. తర్వాతి సంవత్సరాల్లో నిర్ధారణకు పట్టే కాలం గణనీయంగా తగ్గింది. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చేపట్టిన బాల్య క్యాన్సర్ కార్యక్రమం 2030 నాటికి క్యాన్సర్ సోకిన పిల్లల్లో కనీసం 60 శాతం మంది బతకాలని లక్ష్యం పెట్టుకుంది. ఆ కార్యక్రమం ప్రత్యేకంగా ఎంచుకున్న ఆరు వ్యాధుల్లో నెమ్మదిగా పెరిగే గ్లయోమా ఒకటి.

వైద్యుడి దగ్గరకు వెళ్లేటప్పుడు నొప్పి ఏ తేదీన మొదలైంది, రాత్రి ఎన్నిసార్లు లేపుతోంది, నడకలో తేడా ఎప్పుడు కనిపించింది, మూత్ర విసర్జనలో మార్పు ఉందా అన్నవి కాగితంపై రాసుకెళ్లడం మంచిది. నడక తేడా ఫోనులో వీడియో తీసి చూపిస్తే ఇంకా మేలు. నొప్పి మూడు, నాలుగు వారాలకూ తగ్గకపోతే అదే మందు చీటీతో సరిపెట్టుకోకుండా మళ్లీ చూపించాలి. కాళ్లు బలహీనపడినా, మూత్రం ఆగినా, అదుపు తప్పినా మర్నాటి దాకా ఆగకుండా ఎంఆర్‌ఐ సదుపాయం ఉన్న ఆసుపత్రికి ఆ రోజే బయల్దేరాలి.